ఎగువ తెలిసిన పిల్లాడికి ఎడమ తెలియకపోతే

(ఒక ఆదివారం సాయంత్రం నాంపల్లిలో మన హాస్టల్ విద్యార్థులు, పని చేసుకుంటూ చదువుకుంటున్న వాళ్లు కలిసి కూర్చున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)



నన్ను భాష గురించి మాట్లాడమన్నారు. భాష అనగానే మనం లిపి గురించి, పాటల గురించి, అంతరించిపోతున్న భాషల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ పెద్ద మాటలు. నేనీరోజు చాలా చిన్న మాటల గురించి చెప్తాను. లో, మీద, కింద, పక్కన, ముందు, వెనక. ఏది ఎక్కడుందో చెప్పే మాటలు. వీటిని మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఎప్పుడు వచ్చాయో మనకే గుర్తు లేదు. కానీ మన పిల్లలు బడి గడప ఎక్కిన మొదటి రోజునే ఈ చిన్న మాటల దగ్గర 'వీడు వెనకబడ్డాడు' అనే ముద్ర పడుతోంది. అది ఎట్లా పడుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా అక్క వాళ్లు ఐదు నెలల కింద ఊరి నుంచి వచ్చారు. బావ నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో పని చేస్తాడు. దగ్గర్లోనే గల్లీలో ఒక్క గది. వాళ్ల బాబుకి నాలుగేళ్లు నిండి మూడు నెలలు. మాది భద్రాచలం ఏజెన్సీ, వాగు ఒడ్డున ఊరు. మేం కొండరెడ్లం. మా ఇంటి భాష తెలుగే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. గోండి, కోయ, కొలామి, సవర మాట్లాడే ఇళ్ల పిల్లలకి బడి భాషే కొత్త. మావాడికి అది కూడా కాదు. అయినా తప్పలేదు.

బడిలో చేర్చడానికి తీసుకెళ్లారు. ఏ బడో చెప్పను, అది అవసరం లేదు. టీచరమ్మ బల్ల మీద బంతి పెట్టి "బంతి ఎక్కడుంది?" అని అడిగింది. వాడు వేలు పెట్టి "ఈడ" అన్నాడు. ఈడ అంటే ఎక్కడ? "బల్ల మీద." బాగుంది. డబ్బాలో పెట్టింది, చెప్పాడు. కింద పెట్టింది, చెప్పాడు. తర్వాత డబ్బా, కప్పు పక్కపక్కన పెట్టి "కప్పు డబ్బాకి ఏ పక్కనుంది? లెఫ్టా, రైటా?" అంది. వాడు గది చుట్టూ చూశాడు. కిటికీ వైపు చూశాడు. చూసి "ఏరు యాడుంది?" అని అడిగాడు. ఆమె నవ్వింది. "కుడిచెయ్యి చూపించు" అంటే రెండు చేతులూ ఎత్తాడు. అన్నం తినే చెయ్యి చూపించమంటే టక్కున చూపించేవాడే. ఆ తర్వాత ఒక బొమ్మల కాగితం, చెట్టు వెనక బాతు. అదీ కాలేదు. కాగితం మీద ఇంగ్లీషులో రాసిచ్చారు. స్థలానికి సంబంధించిన అవగాహన తక్కువ, డాక్టరుకి చూపించండి అని దాని అర్థం.

అక్క చదవలేక దాన్ని ఫొటో తీసి నాకు పంపింది. తర్వాత ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "చెల్లె, వీడికి బుర్ర తక్కువంట. నిజమేనా?"

నేను చిన్నపిల్లలతో ఏడేళ్లు పని చేశాను. నాకు కోపం వచ్చింది. కానీ మా అక్క అడిగినదానికి కోపం జవాబు కాదు. నిజమా కాదా అనేది చూడాలి. చూడాలంటే, పిల్లలకి ఈ మాటలు అసలు ఎట్లా వస్తాయో తెలియాలి.

మొదట వచ్చేది మాట కాదు, వేలు. ఏడాది నిండే పాప వేలు చూపిస్తుంది. దాని మీదకి ఇక్కడ, అక్కడ వచ్చి చేరతాయి. మా వైపు ఈడ, ఆడ. తెలుగులో ఇది చాలా సుళువు: ఇ అంటే దగ్గర, అ అంటే దూరం, ఎ అంటే ప్రశ్న. ఇటు అటు ఎటు, ఇంత అంత ఎంత. ఒక్క తాళంతో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

తర్వాత లో, మీద, కింద. ఇక్కడ పెద్దవాళ్లు మోసపోతారు. ఈవ్ క్లార్క్ అనే పరిశోధకురాలు 1973లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. ఏడాదిన్నర పిల్లల ముందు గ్లాసులాంటి గిన్నె పెట్టి, చేతికి బొమ్మ ఇచ్చి 'లో పెట్టు' అంటే లోపల వేస్తారు. 'మీద పెట్టు' అన్నా లోపలే వేస్తారు. బల్లలాంటిది ఉంటే ఏం చెప్పినా మీద పెడతారు. అంటే మాట విని చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఆ వస్తువు ఏం చేయమంటే అదే చేస్తున్నారు. మీ ఇంట్లో చంటిపాప ఉంటే టీ గ్లాసుతో చేసి చూడండి. వాళ్లకి ముందుగా తెలిసేది గ్లాసు. మాట తర్వాత వస్తుంది.

1979లో జుడిత్ జాన్‌స్టన్, డాన్ స్లోబిన్ నాలుగు భాషల పిల్లల్ని పోల్చారు: ఇంగ్లీషు, ఇటాలియన్, సెర్బో-క్రొయేషియన్, టర్కిష్. పిల్లల వయసు రెండేళ్ల నుంచి దాదాపు ఐదేళ్ల దాకా. నాలుగు భాషల్లోనూ వరస ఇంచుమించు ఒకటే వచ్చింది. మొదట లో, మీద, కింద, పక్కన. తర్వాత మధ్య. తర్వాత ముందు, వెనక. ఎందుకంటే లోపల ఉండటం కంటికి కనిపిస్తుంది. మధ్య అనాలంటే రెండు వస్తువుల్ని ఒకేసారి మనసులో పెట్టుకోవాలి. ముందు, వెనక ఇంకా కష్టం. అదెందుకో చెప్తాను.

దానికన్నా ముందు ఒక ముచ్చట. ఆ నాలుగింటిలో టర్కిష్ మన తెలుగులాంటిదే, 'లో', 'కింద' లాంటివి పేరు తర్వాత వస్తాయి. ఇంగ్లీషులో ముందు వస్తాయి. టర్కిష్, ఇటాలియన్ పిల్లలు మిగతా ఇద్దరికన్నా త్వరగా నేర్చారు. టర్కిష్ పిల్లల విషయంలో ఇట్లా చివర రావడం కూడా ఒక కారణమని స్లోబిన్ ఆలోచన. ఆయన 1973లోనే ఇంకో ఉదాహరణ చూపించాడు. ఇంట్లో హంగేరియన్, సెర్బో-క్రొయేషియన్ రెండూ మాట్లాడే రెండేళ్లలోపు పిల్లలు ఉన్నారు. హంగేరియన్‌లో మాట చివర అతుక్కునేవి వాళ్లకి ముందు వచ్చేశాయి, అదే సంగతి సెర్బో-క్రొయేషియన్‌లో ఇంకా రాలేదు. పిల్లలు మాట తోకని బాగా వింటారు. 'గంపలో' అంటే ఆ 'లో' చెవిలో మిగిలిపోతుంది. ఒకే బుర్ర, ఒకే రోజు, ఒక భాషలో వచ్చు, ఇంకో భాషలో రాదు. ఏ భాషలో అడిగావో చెప్పకుండా 'ఈ పిల్లాడికి రాదు' అని రాసే కాగితం గురించి ఇప్పుడు మీరే ఆలోచించండి.

ముందు, వెనక సంగతి. ఇక్కడ అబిడ్స్ సర్కిల్‌కి పోతే జీపీవో ఎదురుగా నెహ్రూ విగ్రహం ఉంటుంది. విగ్రహానికి ముఖం ఉంది, కాబట్టి ముందు ఏదో వెనక ఏదో ఎవరైనా చెప్తారు. పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక చెట్టు ఉంది. చెట్టుకి ముందు ఎటు? చెట్టుకి ముఖం లేదు. నేను నిలబడ్డ వైపే ముందు అని మనం ఒప్పందం చేసుకున్నాం, అంతే. నేను అటు పక్కకి పోతే అదే ముందు అవుతుంది. అందుకే విగ్రహం ముందు అనేది పిల్లలకి ముందు వస్తుంది, చెట్టు ముందు అనేది బాగా తర్వాత వస్తుంది. జాన్‌స్టన్, స్లోబిన్ చూసినదాంట్లో కూడా ఇదే, ముఖం ఉన్న వస్తువులు ముందు, లేనివి చివర. చెట్టు వెనక బాతుని నాలుగేళ్లవాడిని అడగటం అంటే, ఆ వరసలో చివరి మెట్టు మీద నిలబెట్టి అడగటమే.

ఇంకో తమాషా. నాంపల్లి స్టేషన్‌లో పట్టాలు అయిపోతాయి, చూశారు కదా. అక్కడి నుంచి రైలు ముందుకి పోలేదు, వచ్చిన దారినే పోవాలి. మావాడిని తీసుకెళ్లి చూపిస్తుంటే, ఇంజను ఈ చివర విడిచి ఆ చివర తగిలిస్తున్నారు. "చిన్నమ్మా, రైలు ముందు ఏది?" అన్నాడు. వచ్చేటప్పుడు ముందున్న పెట్టె పోయేటప్పుడు వెనకదైపోయింది. వాడికి అది అన్యాయంగా కనిపించింది. నాలుగేళ్ల పిల్లాడు ఈ ప్రశ్న అడిగాడంటే వాడికి స్థలం గురించి అవగాహన తక్కువా?

ఇక ముందు అనే మాటకి ఇంకో పని కూడా ఉంది. 'ముందు తిను, తర్వాత ఆడుకో' అంటాం. 'ఐదు నెలల కింద' అని నేనే ఇందాక అన్నాను. తెలంగాణలో కింద అంటే బల్ల కింద, సంవత్సరం కింద రెండూ. ఇవన్నీ పిల్లాడు విడదీసుకోవాలి. విడదీసుకుంటాడు, టైమ్ పడుతుంది.

ఎడమ, కుడి అన్నిటికన్నా ఆలస్యం. పియాజే చాలా ఏళ్ల కిందే చూపించాడు. తన ఎడమ చెయ్యి ఏదో పిల్లలకి ఇంచుమించు ఐదేళ్లకి తెలుస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చెయ్యి ఏదో తెలియడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. వరసగా పెట్టిన వస్తువుల్లో ఏది దేనికి ఎడమనో చెప్పడానికి ఇంకా పెద్దవాళ్లు కావాలి. కాబట్టి 'కప్పు డబ్బాకి లెఫ్టా రైటా' అనే ప్రశ్న నాలుగేళ్ల పిల్లలకి వేయాల్సిందే కాదు. అబిడ్స్‌లో పెద్ద కాన్వెంటుకి పోయే పిల్లలకి కూడా ఆ వయసులో అది నికరంగా రాదు. తేడా ఏంటంటే, వాళ్లకి రాకపోతే 'చిన్నపిల్లాడు, వస్తుందిలే' అంటారు. మనవాడికి రాకపోతే డాక్టరు అంటారు.

ఇంతవరకు వరస సంగతి. వరస అంతా అందరికీ ఒకటే అయితే నేను ఇక్కడ ఆపేసేదాన్ని. కానీ ఒక చోట దారులు విడిపోతాయి. మావాడు కిటికీ వైపు ఎందుకు చూశాడు?

మెలిస్సా బోవర్‌మన్, సూంజా చోయ్ అనే ఇద్దరు 1991లో కొరియన్ పిల్లల్నీ ఇంగ్లీషు పిల్లల్నీ పోల్చారు. ఇంగ్లీషుకి ముఖ్యం, వస్తువు లోపలికి పోయిందా, మీదకి పోయిందా అని. కొరియన్‌కి ముఖ్యం, బిగుతుగా పట్టిందా, వదులుగా ఉందా అని. వేలికి ఉంగరం, పెన్నుకి మూత, పెట్టెలో బిగుతుగా దూరిన క్యాసెట్, ఈ మూడూ కొరియన్‌లో ఒకే క్రియ. ఇద్దరు పిల్లలూ రెండేళ్లు నిండకముందే తమ భాష ఎట్లా కోస్తే లోకాన్ని అట్లా కోసుకుంటున్నారు. అందరూ ముందు ఒకే ఆలోచన నేర్చి, తర్వాత దానికి పేర్లు తగిలిస్తారన్నది పూర్తి నిజం కాదని తేలింది. మనకీ ఉంది ఇది. గాజులు తొడుగుతాం, పూలు గుచ్చుతాం, చూరులో కొడవలి దోపుతాం, తట్టలో కాయలు వేస్తాం. అన్నిటికీ 'పెట్టు' అని నేర్పే ప్లేస్కూల్ పిల్లాడికన్నా మన అవ్వ దగ్గర పెరిగిన పిల్లాడికి చేతి పని మాటలు ఎక్కువ.

ఇంకా పెద్ద తేడా దిక్కుల దగ్గర. మెక్సికోలో చియాపాస్ కొండల్లో టెనెహాపా అనే చోట త్సెల్తాల్ మాట్లాడే మాయా రైతులున్నారు. స్టీఫెన్ లెవిన్‌సన్, పెనెలపీ బ్రౌన్ అక్కడ ఏళ్ల తరబడి పని చేశారు. వాళ్ల నేల దక్షిణం నుంచి ఉత్తరానికి వాలి ఉంటుంది. బల్ల మీద రెండు సీసాలుంటే వాళ్లు ఎడమ, కుడి అనరు, ఎగువ సీసా, దిగువ సీసా అంటారు. బల్ల సమంగానే ఉంటుంది, అయినా అదే మాట. వాళ్ల పిల్లలు ఎక్కడం, దిగడం మాటలు చాలా చిన్నప్పుడే పట్టేస్తారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో గూగు యిమిదిర్ అనే ఆదివాసీ భాష ఉంది. కంగారూ అనే మాట లోకానికి ఇచ్చింది ఆ భాషే. 1770లో కెప్టెన్ కుక్ వాళ్లు విని రాసుకుపోయారు. ఆ భాషలో నీ కాలి దగ్గర చీమ ఉంటే, నీ దక్షిణం కాలి దగ్గర చీమ ఉంది అన్నట్టు చెప్తారు. చెప్పాలంటే ఎప్పుడూ దిక్కు తెలిసి ఉండాలి కదా. తెలిసే ఉంటుంది.

అంత దూరం పోనక్కర్లేదు. రమేశ్ మిశ్రా, పియెర్ దాసెన్ ఇద్దరూ వారణాసి చుట్టూ, నేపాల్‌లో, బాలి ద్వీపంలో పిల్లలతో పని చేసి 2010లో పుస్తకం తెచ్చారు. పల్లె పిల్లలు వస్తువుల్ని తూర్పు, పడమర అని చెప్పడం వాళ్లకి బాగా కనిపించింది. మన తెలుగు పల్లెల్లో ఇది వింతే కాదు. పడమటిల్లు, తూర్పు చేను, ఉత్తరపు గట్టు. కొండ ప్రాంతాల్లో ఊళ్ల పేర్లకే ఎగువ, దిగువ తగిలించి ఉంటాయి. మా ఇంట్లో మా అమ్మ "దిగువ పక్క గిన్నె తే" అంటుంది. పొయ్యి మీద రెండు గిన్నెలుంటే, వాగు వైపున్నది దిగువ గిన్నె. మావాడు పుట్టినప్పటి నుంచి విన్నది అది. బడిలో కప్పు ఏ పక్కనుందో చెప్పాలంటే వాడికి ముందు ఏరు ఎటుందో తెలియాలి. అందుకే కిటికీ చూశాడు, అందుకే అడిగాడు. అది తెలివితక్కువ పిల్లాడి ప్రశ్న కాదు. లెక్క చేయడానికి కావాల్సిన ఒక్క అంకె లేకపోతే అడిగాడు. దానికి నవ్వు జవాబుగా వచ్చింది.

ఆ తర్వాత ఆదివారం వాడిని తీసుకొని నాంపల్లి నుంచి అబిడ్స్‌కి నడిచాను, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూద్దామని. దారిలో మెట్రో చూసి "రైలు మిద్దె మీద పోతంది" అన్నాడు. రోడ్డు మీద బస్సు, రోడ్డు పైన మెట్రో అని నేను చెప్తే రెండుసార్లు అనుకున్నాడు. మీదకీ పైనకీ తేడా పట్టుకున్నాడు. పుస్తకాల దగ్గర ఉండగా వాన. ఒక షాపు చూరు కిందకి పోయాం. రోడ్డు పక్క నీళ్లు పారుతున్నాయి. వాడు చాలాసేపు వాటినే చూసి, చెయ్యి చాపి, "చిన్నమ్మా, దిగువ అటు. ఏరు అటుంది" అన్నాడు.

నేను పదేళ్లుగా ఈ ఊర్లో ఉన్నాను. ఈ ఊరికి ఎగువ దిగువ ఉన్నాయని నాకు ఎప్పుడూ తట్టలేదు. వాడు చూపించింది అఫ్జల్‌గంజ్ వైపు. అటు పోతే మూసీ. అబిడ్స్ నుంచి మూసీ వరకు నేల దిగుతూనే పోతుంది. ఐదు నెలల నుంచి ఒక గదిలో ఉన్న పిల్లాడు, మూసీని ఒక్కసారి కూడా చూడని పిల్లాడు, కాలవలో నీళ్లు చూసి ఏరు ఎటుందో చెప్పాడు. 1908 సెప్టెంబర్ 28న ఈ మూసీయే పొంగి ఊరిని ముంచింది. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్తారు. ఏది ఎగువ, ఏది దిగువ అనేది ఏజెన్సీలోనే కాదు, ఇక్కడ కూడా ప్రాణం మీదకి వచ్చే సంగతే. ఊరు మర్చిపోయింది, అంతే.

ఇంటికొచ్చి నా పద్ధతిలో పరీక్ష పెట్టాను. రెండు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద చాక్లెట్ పెట్టి, "ఎగువ గ్లాసు కింద ఉంది" అన్నా. తీసేశాడు. వాడిని అటు తిప్పి కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. మళ్లీ తీశాడు. తిరిగి కూర్చుంటే ఎడమ కుడి అవుతుంది గానీ ఎగువ దిగువ కాదు కదా. మూడోసారి అక్క కూడా ఆడింది. నాలుగోసారి చాక్లెట్లు అయిపోయాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే మనలో కొందరికి ఇది వినగానే 'ఆదివాసీ పిల్లలకి దిక్కులు రక్తంలోనే ఉంటాయి' అనాలనిపిస్తుంది. లేదు. రక్తంలో ఏమీ ఉండదు. విన్న పిల్లాడికి వస్తుంది, వినని పిల్లాడికి రాదు. వీడి చెల్లెలికి ఇప్పుడు పది నెలలు, ఈ గల్లీలోనే పెరుగుతుంది. మా అక్క ఇప్పుడు గదిలో దిగువ గిన్నె అనడం మానేసింది. ఎవరైనా నవ్వుతారని. ఇట్లాగే ఉంటే ఆ పాపకి ఎగువ రాదు.

అమెరికాలో షికాగోలో ప్రూడెన్ అనే ఆమె, ఇంకో ఇద్దరు కలిసి 52 మంది పిల్లల్ని 14 నెలల వయసు నుంచి 46 నెలల దాకా ఇంటికెళ్లి చూశారు. పెద్దవాళ్లు వస్తువుల ఆకారం, పరిమాణం గురించి ఎంత మాట్లాడితే పిల్లలూ అంత మాట్లాడారు. అట్లా మాట్లాడిన పిల్లలు నాలుగున్నరేళ్లకి ఆకారాలు తిప్పి చూసే పనుల్లో మెరుగ్గా చేశారు. 2011లో అచ్చయింది. ఇది నాకు మన హైదరాబాద్ గదులు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. ఊర్లో అవ్వ పిల్లాడిని పనికి పంపేది: చాట కింద గిన్నె ఉంది తే, అటక మీద చూడు, దడి అవతల కోడి ఉందేమో చూడు. ఇక్కడ పది అడుగుల గది. అన్నీ చేతికి అందుతాయి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన తల్లి "అది ఇటియ్యి" అంటుంది, తర్వాత ఫోన్ చేతిలో పెడుతుంది. తప్పు ఆమెది కాదు. కానీ 'అది ఇటియ్యి'లో పిల్లాడికి దొరికే మాట ఒక్కటీ లేదు. 'బకెట్ వెనక ఉన్న చెంబు తే' అనడానికి ఖర్చేమీ లేదు, మీరు అన్నలుగా, అక్కలుగా, పిన్నులుగా, మామలుగా చేయగలిగిన పని ఇది.

మరి ఎడమ కుడి నేర్పొద్దా? నేర్పాలి. సీదా, మోడ్, బాజు, సామ్నే కూడా నేర్పాలి, నాంపల్లిలో బతకాలంటే అవన్నీ కావాలి. గల్లీ పిల్లలతో ఆడుకొని మావాడు అప్పుడే "బాజుకి జరుగు" అంటున్నాడు. ఒకటి వస్తే ఇంకోటి పోవాలని లేదు. అసలు ఈ ఊరి పెద్దవాళ్లు కూడా లెఫ్ట్ రైట్ అంతగా వాడరు. అబిడ్స్‌లో ఏ షాపు అడ్రసైనా చదవండి: జీపీవో ఎదురుగా, ఫలానా హోటల్ పక్కన, ఫలానా బ్యాంకు వెనక గల్లీ. వాళ్లకి జీపీవో ఎట్లాగో మావాడికి ఏరు అట్లా. జీపీవో ఎటు అని అడిగినవాడిని మనం డాక్టరు దగ్గరికి పంపం.

ఇది టీచరమ్మతో కూడా అన్నాను. అవును, మళ్లీ పోయాం, అక్క, నేను, బాబు. ఆమె చెడ్డ మనిషి కాదు. గ్లాసుల ఆట చూసింది. చూసి, "అమ్మా, నలభై మంది పిల్లలున్నారు. ఎగువ ఎటో నాకే తెలియదు, నేనెట్లా అడగను?" అంది. న్యాయమైన మాటే. ఆమెకి శిక్షణలో ఎవరూ చెప్పలేదు, ఆమె చేతికి ఇచ్చిన కాగితంలో ఆ ప్రశ్నే ఉంది. మనం కొట్లాడాల్సింది ఆ కాగితంతో.

చట్టంలో చోటు ఉంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి సదుపాయాలు కల్పించాలని. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాష అంటుంది. ఆ 'వీలైనంతవరకు' అనే మాటలోనే మన ఊళ్లన్నీ మునిగిపోయాయి, అది వేరే రోజు మాట్లాడుకుందాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి చదువు మొదలుపెట్టారు. అది మంచి అడుగు. అయితే మావాడి సంగతి చూశాక నాకు ఒకటి అర్థమైంది. మాటని అనువాదం చేస్తే సరిపోదు. 'లెఫ్ట్' అనే ప్రశ్నని కోయలోకి మార్చి అడిగినా అది లెఫ్ట్ ప్రశ్నే. ఆ ఊరి పిల్లలు గిన్నె ఎక్కడుందో ఎట్లా చెప్తారో ముందు తెలుసుకొని, దాన్నుంచి ప్రశ్న తయారుచేయాలి.

ఒక మాట తల్లిదండ్రుల కోసం. డాక్టరుకి చూపించమన్న ప్రతిసారీ అది అవమానం అనుకోవద్దు. మూడేళ్లు దాటిన పాప సొంత ఇంటి భాషలో, వేలు చూపించకుండా చెప్పినప్పుడు కూడా 'లోపల పెట్టు', 'మీద పెట్టు' అర్థం చేసుకోకపోతే, ముందు వినికిడి పరీక్ష చేయించండి. చెవి సరిగ్గా లేక వెనకబడే పిల్లలు ఉన్నారు, ఆలస్యం చేస్తే వాళ్లకే నష్టం. నేను చెప్తున్నది ఒక్కటే, సొంత భాషలో, సొంత తీరులో అడిగి చూడకుండా ఎవరూ ఏ తీర్పూ రాయకూడదు.

ఇప్పుడు పని. మీలో పండక్కి ఊరికి పోయేవాళ్లు చేయండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో కూర్చోండి. రెండు గిన్నెలు, ఒక గింజ చాలు. గింజ అక్కడా ఇక్కడా పెడుతూ 'ఎక్కడుంది' అని మీ భాషలో అడగండి. వేలు చూపిస్తే, "నేను కళ్లు మూసుకున్నా, మాటతో చెప్పు" అనండి. ఏం చెప్తారో ఫోన్‌లో రికార్డ్ చేయండి, ముందు తల్లిని అడిగి. పిల్లాడి వయసు ఎన్ని నెలలో రాయండి, ఎవరి దగ్గర పెరుగుతున్నాడో రాయండి, ఏరు ఎటుందో, కొండ ఎటుందో, కూర్చున్నప్పుడు ముఖం ఎటుందో రాయండి. అవ్వల్ని కూడా అడగండి, వాళ్ల మాటలు వేరుగా ఉంటాయి. మీరు దిద్దొద్దు. పిల్లాడు ఏమంటే అదే రాయండి, తప్పనిపించినా సరే.

మావాడు ఇప్పుడు అంగన్‌వాడీకి పోతున్నాడు. మొన్న వాళ్ల టీచర్ని "ఎగువ పక్క కూర్చుంటా" అని అడిగాడంట. ఆమె మా అక్కకి ఫోన్ చేసి, ఎటు కూర్చోబెట్టాలి అని అడిగింది. అక్కకీ తెలియలేదు, నాకు చేసింది. నేను నా గదిలో కూర్చొని ఫోన్‌లో మ్యాప్ తెరిచి మూసీ ఎటుందో వెతికి చెప్పాను.

వచ్చే నెల కూడికకి ఆ రికార్డులు పట్టుకు రండి. కలిసి విందాం.